తళతళలాడే ఇరవై బొమ్మలు

దరఖాస్తు ఫారంలో ‘శాశ్వత చిరునామా’ అన్న గడి కనిపిస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటర్ పాసైన వేసవిలో ఆ గడిని ఎన్నిసార్లు నింపానో. ఇంటి నంబరు, వీధి పేరు, అనకాపల్లి, పిన్‌కోడు. దాని కిందే ఇంకో గడి, ‘ప్రస్తుత చిరునామా’. మళ్ళీ అదే ఇంటి నంబరు, అదే వీధి, అదే అనకాపల్లి. పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంట్లో పడి ఉన్న మనిషిని రెండుసార్లు అడిగి వీళ్ళు ఏం బావుకుంటారా అని విసుక్కుంటూనే నింపేదాన్ని. విసుక్కోవడం, నింపడం, ఆ వేసవికి ఇవే నా ఉద్యోగం.

నాకు కావలసిందల్లా బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో ఒక్క సీటు. నాకొచ్చినవేమో గొప్పగా చెప్పుకునే మార్కులు కావు. వీధిలో పిల్లలంతా ఎంపీసీ తీసుకున్నారని నేనూ తీసుకున్నాను. లెక్కలు మొదటిసారి పోయాయి, రెండోసారి గట్టెక్కాయి. అన్నీ కలిపితే సగానికి కాస్త పైన. చుట్టాలెవరైనా అడిగితే మా అమ్మ “పాసయిపోనాది” అని చెప్పి, ఎన్ని మార్కులని అడిగేలోపు టీ పెట్టడానికి లేచేది. మన రాష్ట్రంలో బొమ్మల కోర్సుకి పెట్టే పరీక్ష కూడా రాశాను. ర్యాంకు వచ్చింది, కాకపోతే అది పట్టుకుని ఏ కాలేజీ గేటూ దాటలేం.

పై రాష్ట్రాల మాట ఎత్తింది మా డ్రాయింగ్ మేస్టారు. స్కూల్లో నాకు ఐదేళ్ళు బొమ్మలు నేర్పారు. రిటైరయ్యాక గవరపాలెంలో ఇంటి పట్టునే ఉండేవారు. ఏ బొమ్మ గీసినా పట్టుకెళ్ళి ఆయనకి చూపించడం నాకు అలవాటు. ఆయన బాగుందనీ బాగాలేదనీ అనేవారు కాదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూసి, “ఇక్కడ చెయ్యి తొందరపడింది” అని వేలు పెట్టి చూపించేవారు.

“మార్కులకేటి, పై రాష్ట్రాల్లో కొన్ని కాలేజీలకి పాసయితే చాలు,” అన్నారు నా ర్యాంకు విని. “వాళ్ళు చెయ్యి చూస్తారు. ఓ చిన్న పరీక్ష పెట్టి, తర్వాత నువ్వు గీసినవన్నీ ముందేసుకుని కూర్చుంటారు. ఇరవై మంచి బొమ్మలుండాలి నీ దగ్గర. బయటి వాళ్ళకిచ్చేవి గుప్పెడు సీట్లే అనుకో. అయినా నీకున్న దారి అదే.”

ఈ మాట ఇంట్లో చెప్పడానికి నాకు వారం పట్టింది. మా నాన్న పరుపులు కుడతాడు. మార్కెట్‌కి వెళ్ళే రోడ్డు మీద మా తాత నాటి చిన్న షాపు. దూది ఏకే మిషను వెనక గదిలో ఉంటుంది, కుట్టుపని ముందు అరుగు మీద. మేం ముస్లింలమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఉర్దూ అంటే పండగ రోజున పది మాటలు. స్పాంజి పరుపులొచ్చాక మా పని తగ్గిందంటారు గానీ, నాన్న తల ఎత్తడం నేనైతే చూడలేదు. పొద్దుణ్ణుంచి దబ్బనం పట్టుకుని ఒంగే ఉంటాడు. ఆయనతో ఏ ముఖ్యమైన సంగతైనా ఆయన మాడు చూస్తూ చెప్పుకోవాల్సిందే. నేనూ అలాగే చెప్పాను.

“పై రాష్ట్రమంటే ఎంత దూరం?” అన్నాడు దారం పళ్ళతో తెంపి.

“రైల్లో ఒకటిన్నర రోజు.”

ఆయన ఇంకో వరస కుట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. “ఒక్క ఏడు సూద్దుం. వత్తే ఎల్లు. రాకపోతే ఇక్కడే బీకాంలో సేరిపో. మరి రెండోపాలి ఈ మాట నాకాడ ఎత్తకు.”

నేను ఒప్పుకున్నాను. ఒక్క ఏడు అంటే అప్పుడు చాలా ఎక్కువ కాలంలా అనిపించింది.

ఫారాలన్నీ ఫోన్లోనే నింపుకోవచ్చంటారు. అలా అనేవాళ్ళు ఎప్పుడూ నింపి ఉండరు. ఫోటో యాభై కేబీ దాటకూడదు, సంతకం ఇరవై దాటకూడదు. అన్నీ సరిగ్గా కుదిరిన రోజున ఓటీపీ రాదు. అందుకని మా వీధి చివరి నెట్ సెంటర్‌కే వెళ్ళేదాన్ని. దాన్ని నడిపే అక్క నన్ను చూడగానే “ఈయాల ఏ రాష్ట్రమే?” అనేది. మొత్తం నాలుగు కాలేజీలకి పెట్టాను. ఒకరికి నివాస ధ్రువపత్రం కావాలి, ఒకరికి మైగ్రేషన్ సర్టిఫికెట్టు కావాలి, ఒకరికి నా నడవడిక మంచిదని పెద్దమనిషెవరైనా సంతకం పెట్టాలి. తహసీల్దారు ఆఫీసుకీ కాలేజీ ఆఫీసుకీ మధ్య కాళ్ళరిగేలా తిరిగాను. తిరిగి తిరిగి ఇంటికొచ్చి, బొమ్మ గీద్దామని కూర్చుంటే చెయ్యి లేచేది కాదు. బొమ్మలు నేర్చుకోవడానికి పెట్టుకున్న దరఖాస్తులు నా చేత బొమ్మలు మాన్పించేసేలా ఉన్నాయని మేస్టారితో అన్నాను. ఆయన నవ్వలేదు.

ఒక కాలేజీ, కళ ఎందుకు చదవాలనుకుంటున్నావో ఐదువందల మాటల్లో ఇంగ్లీషులో రాయమంది. రెండు రోజులు కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. చూసుకుంటే నాలుగోది మొదటిదే. నా అవస్థ చూడలేక నెట్ సెంటర్ అక్క, ఎవరో ఎంబీఏకి రాసుకున్నది తీసి, మేనేజ్‌మెంట్ అని ఉన్న చోటల్లా ఆర్ట్ అని మార్చి ఇచ్చింది. చిన్నప్పటి నుంచీ నాకు కళ మీదా నాయకత్వం మీదా మక్కువ అనీ, కళలో లాభాలు పెంచడమే నా ధ్యేయమనీ అందులో ఉంది. దాన్ని సరిచేసే ఓపిక లేక అలాగే పంపించేశాను. ఆ కాలేజీ నుంచి జవాబు రాలేదు. వాళ్ళని నేను తప్పు పట్టను.

ఇంకో రెండు కాలేజీలు మార్కులు చూసి వద్దన్నాయి. విచారిస్తున్నామని మెయిల్లో మర్యాదగా రాశారు. నాలుగోది మహారాష్ట్రలో. అక్కణ్ణుంచి మాత్రం రమ్మని కబురొచ్చింది. మొదటి రోజు పరీక్ష, రెండో రోజు ఇంటర్వ్యూ. బొమ్మలు ఏ త్రీ సైజువి ఇరవై, అసలువే తేవాలి, ఫోటోలు చెల్లవు. నాలుగింట్లో మిగిలింది ఇదొక్కటే కాబట్టి నా ఏడాది మొత్తం దీని మీదే వేలాడింది.

నెల రోజులు గీశాను. కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువుకి బస్సులో వెళ్ళి, అందులో తిరిగే తాటి దోనెలు గీసుకొచ్చాను. మార్కెట్లో బెల్లం దిమ్మలు గీశాను, చుట్టూ మూగిన వాళ్ళు ఎవరికి వాళ్ళు తమనే గీస్తున్నాననుకుని సర్దుకుని నిలబడేవారు. మా అమ్మని కూర్చోమంటే రెండు నిమిషాలకోసారి పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచేది. ఇక మిగిలింది షాపు. అక్కడ గీయడం తేలిక, నాన్న నన్ను పట్టించుకోడు, తన పని తను చేసుకుంటాడు. బొగ్గుతో దూది మిషను దగ్గర నాన్నని గీశాను, ఆయిల్ పేస్టల్స్‌తో చారల పరుపు గుడ్డ మీద ఒంగిన నాన్నని గీశాను. దూది పొగలా లేచే చోట బొగ్గుని వేలితో మెత్తగా రుద్ది, రబ్బరుతో తుడిచి, మళ్ళీ రుద్ది, ఒక్కో బొమ్మకి రెండేసి రోజులు పట్టింది.

మేస్టారు మొత్తం కట్టలోంచి ఇరవై ఏరి పక్కన పెట్టారు. ఆ సాయంత్రం నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి నాన్న సైకిల్ మీద వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఇవి చాలు,” అన్నారు మేస్టారు. “ఇక వీటిని జాగ్రత్తగా పట్టుకెళ్ళడమే పని. వానలు మొదలవుతాయి. తడవకూడదు, నలగకూడదు, ఒకదానికొకటి రాసుకోకూడదు.”

నాన్న తల ఊపాడు. ఆయన ఏదైనా గట్టిగా మనసులో పెట్టుకున్నప్పుడు అలాగే ఊపుతాడు. నేను పట్టించుకోలేదు.

మా ఇంట్లో ఒక అలవాటు గురించి చెప్పాలి. నా చిన్నప్పుడు వచ్చిన పెద్ద తుఫానుకి షాపు పైకప్పు లేచిపోయింది. ట్రంకు పెట్టెలో ఉన్న కాగితాలన్నీ నానిపోయాయి. రేషన్ కార్డు, నాన్న ఏడో తరగతి సర్టిఫికెట్టు, మా తాతకున్న ఒకే ఒక్క ఫోటో, అన్నీ ఒక ముద్దయ్యాయి. తాత ముఖాన్ని సర్టిఫికెట్టు నుంచి విడదీయబోతే ముఖం ఊడిపోయింది. అప్పటి నుంచీ మా ఇంట్లో విలువైన కాగితమేదీ లామినేషన్ లేకుండా లేదు. ఆధార్ కార్డులు, నా పదో తరగతి మెమో, అమ్మానాన్నల పెళ్ళి ఫోటో, అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగే. ఒకసారి డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ కూడా చేయించాడు. మందుల షాపతను దాని మీద టిక్కు పెట్టబోయి పెన్ను జారిపోతుంటే నాన్న వంక ఎగాదిగా చూశాడట. వీధిలో వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నాన్నని ఏడిపిస్తారు.

బయల్దేరే ముందురోజు పొద్దున్న నేను జిరాక్సుల కోసం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బీరువా పక్కన బొమ్మల కట్ట లేదు. అమ్మని అడిగితే నాన్న పట్టుకెళ్ళాడంది. అట్టపెట్టె కోసం కొలత చూసుకోవడానికేమో అనుకున్నాను. కాసేపటికి నాన్న వచ్చాడు. కట్టని చంకలో కాదు, రెండు చేతుల మీద పడుకోబెట్టి తెచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“ఇంక వాన కాదు గదా, ఆవలో పడిపోనా ఏటీ అవదు,” అన్నాడు.

ఇరవై బొమ్మలూ తళతళలాడుతున్నాయి. లామినేషన్ మిషను వేడి రోలర్ల మధ్య నుంచి పోవడంతో ఆయిల్ పేస్టల్స్ కరిగి పాకాయి. చారల గుడ్డ మీద ఎరుపు వెళ్ళి నాన్న మోచేతిలో కలిసింది. బొగ్గు బొమ్మల సంగతి చెప్పక్కర్లేదు. నేను రెండేసి రోజులు వేలితో రుద్ది తెచ్చిన మెత్తదనమంతా అణిగి, నల్లటి అట్టలా అంటుకుపోయింది. దాని మీద అక్కడక్కడా గాలి బుడగలు. వాటర్ కలర్ వేసిన నాలుగు మాత్రం రంగు దక్కించుకున్నాయి, అవి కూడా బేకరీ గోడ మీద కేకు బొమ్మల్లా మెరుస్తున్నాయి. ఒకదాని మూల గోటితో లేపి చూశాను. ప్లాస్టిక్‌తో పాటు కాగితం చర్మం లేచి వచ్చింది.

ఆ రోజు నేను అన్న మాట ఇక్కడ రాయకుండా తప్పించుకోవచ్చు. రాస్తాను. “నీకు పరుపులు కుట్టడం తప్ప ఏటి తెలుసు?” అన్నాను. “నిన్నెవరు ముట్టుకోమన్నారు?” అని కూడా అన్నాను. ఎప్పుడూ నోరెత్తని అమ్మ గిన్నె కింద పెట్టి, “మీ నాన్నతోటి మాటాడే మాటేనా అది?” అంది. నాన్న నా చేతిలోంచి ఆ బొమ్మ తీసుకుని, లేచిపోయిన మూలని బొటనవేలితో నొక్కి అతికించబోయాడు. అది అతుక్కోలేదు.

“తడవకూడదన్నారని సేయించేనమ్మా,” అన్నాడు.

నాకు ఆయన మీద జాలి కలగలేదు. కోపం, దాని వెనక ఒళ్ళంతా నీరసం. వెళ్ళడం మానేద్దామా అని కూడా అనుకున్నాను. మేస్టారికి ఫోన్ చేసి చెప్పాను. “పరీక్ష ఉంది కదా, వెళ్ళు. మిగతాది వాళ్ళకి చెప్పుకో,” అన్నారు.

నాన్నా నేనూ బయల్దేరాం. మా అమ్మ, సీటిచ్చే సార్లకి పెట్టమని మాడుగుల హల్వా పెట్టె ఒకటి సంచిలో పెట్టింది. ప్లాస్టిక్ తొడిగిన బొమ్మలు చుట్టడానికి వీల్లేదు, ఒకదాని మీద ఒకటి నిలవవు, జారిపోతాయి. నాన్న వాటికి పరుపు గుడ్డతో సంచీ కుట్టి, దారి పొడవునా మోకాళ్ళ మధ్య నిలబెట్టి పట్టుకుని కూర్చున్నాడు. ఒకటిన్నర రోజు. మేం మాట్లాడుకున్నది టీ కావాలా, వద్దు, అన్నం తింటావా, తర్వాత, అంతే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట ఎండ కాసింది. దిగేదాకా ఎక్కడా ఒక్క చినుకు పడలేదు.

పరీక్షలో ఒక కుండ, ఒక స్టూలు, దాని మీద వేలాడే గుడ్డ ఇచ్చి గీయమన్నారు. గీశాను. చుట్టూ ఉన్నవాళ్ళు చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని, ఒక కన్ను మూసి కొలతలు తీస్తూ, ఎన్నాళ్ళుగానో కోచింగ్ తీసుకున్నవాళ్ళలా కనిపించారు. నా బొమ్మ బాగా రాలేదు, పాడుగానూ రాలేదు. నా మార్కుల్లాగే ఉంది.

మర్నాడు ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు, ఇద్దరు మగవాళ్ళు, తల నెరిసిన ఒక మేడమ్. నా పేరు చూసి హిందీలో మొదలుపెట్టారు. నాకు హిందీ స్కూల్లో చదివినంతే వచ్చు. తెలుగమ్మాయినని చెప్తే ఆశ్చర్యపోయి ఇంగ్లీషులోకి వచ్చారు, అక్కడా నా పరిస్థితి అంతంతమాత్రమే. సంచీ విప్పి బొమ్మలు బల్ల మీద పెట్టాను. మొదటి సారు ఒకటి చేతిలోకి తీసుకుని అటు వంచాడు, ఇటు వంచాడు. ఎటు వంచినా పైన ట్యూబులైటే కనిపిస్తోంది. చివరికి లేచి ఆ లైటు ఆర్పి వచ్చాడు. ఆర్పినా పెద్ద తేడా లేదు.

ఇలా ఎందుకు చేశావని అడిగారు. రైల్లో ఒకటిన్నర రోజూ దీనికి జవాబే ఆలోచించాను. షాపువాడి తప్పని చెప్దామనుకున్నాను, నేనే కావాలని చేశానని చెప్దామనుకున్నాను. తీరా నోటికొచ్చింది నిజమే, దాన్ని కూడా సరిగ్గా చెప్పలేదు.

“మా నాన్న చేయించాడు. ఆయనకి ఏమీ తెలియదు,” అన్నాను.

మేడమ్ బొమ్మలు ఒక్కొక్కటే తిప్పుతూ కొన్నిటిని విడిగా పేర్చింది. అవి పదకొండయ్యాయి. ఈయనెవరు అని అడిగింది. మా నాన్న అన్నాను. ఇంకోటి తీసి, మరి ఇది, అంది. మా నాన్నే అన్నాను. ఏమీ తెలియదని చెప్పింది ఈయన గురించేనా అని అడిగింది. వెటకారంగా అడగలేదు, తెలుసుకోవడానికే అడిగింది. నేను బల్ల అంచు చూస్తూ తల ఊపాను. ఆవిడ, బొగ్గుపని కాగితం మీద చూడాలి, ప్లాస్టిక్ మీద నుంచి మార్కులు వేయలేం, వచ్చే ఏడు విడి కాగితాలతో రా, అంది. వచ్చే ఏడు అన్నది నాకు లేదని ఆవిడకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. థాంక్యూ చెప్పి బయటికొచ్చాను.

నాన్న బెంచీ మీద హల్వా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “ఏటన్నారు?” అన్నాడు.

“మెయిల్ పెడతారంట.”

“బొమ్మలు బాగున్నాయన్నారా?”

“అన్నారు,” అన్నాను. విప్పి చెప్పే ఓపిక లేక అలా అన్నాను. ఆయన సంతోషపడ్డాడు. హల్వా లోపల ఇవ్వబోతే తీసుకోరని అక్కడి ప్యూను చెప్పాడట. తిరుగు రైల్లో మేమే తిన్నాం.

జాబితాలో నా నంబరు లేదు. మూడుసార్లు చూసుకున్నాను, నెట్ సెంటర్ అక్క ఇంకోసారి చూసింది. నేను బీకాంలో చేరిపోయాను. కాలేజీ ఇంటికి దగ్గర, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెనక బెంచీలో కూర్చుని రాసుకుని వచ్చేదాన్ని. బొమ్మలు మానేశాను. మానేద్దామని అనుకున్నది లేదు, పెన్సిల్ పట్టుకుంటే ఎందుకొచ్చిన గొడవ అనిపించేది. ప్లాస్టిక్ బొమ్మలు ఇరవైనీ అమ్మ బీరువా వెనక నిలబెట్టింది. మేస్టారి ఇంటి వైపు వెళ్ళాల్సి వస్తే వేరే సందులోంచి పోయేదాన్ని. నాన్నతో మామూలుగానే మాట్లాడేదాన్ని, కానీ నేనన్న మాట మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. దాన్ని ఆయన తియ్యలేదు, నేను తియ్యలేదు.

అలా శీతాకాలం గడిచి ఎండలు మొదలయ్యాయి. ఒకరోజు క్లాసులో ఉండగా ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. నేను ఎక్కడా ఏమీ నింపలేదు. ఎవడో డబ్బులు కొట్టేసే మోసమేమో అనుకుంటూ ఉండగానే నెట్ సెంటర్ అక్క ఫోన్ చేసింది.

“ఓటీపీ వచ్చిందా, సెప్పు,” అంది. “మీ నాన్న ఇక్కడే కూకున్నాడు. ఆ మహారాష్ట్ర కాలేజీ ఫారం మళ్ళీ పెట్టమంతన్నాడు. గంటయింది వచ్చి, అన్నీ నోటికే సెప్పేడు. నీ మార్కులు కూడా.”

ఎందుకు చెప్పానో తెలియదు, ఓటీపీ చెప్పేశాను. క్లాసు మధ్యలో లేచి నేరుగా షాపుకి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆయన వచ్చేసి పని మొదలుపెట్టాడు. మళ్ళీ ఆయన మాడు చూస్తూనే మాట్లాడాను.

“ఒక్క ఏడన్నావు. అయిపోయింది. నేను మానేశాను నాన్నా.”

“అన్నాను,” అన్నాడు. దబ్బనం గుడ్డలో గుచ్చి వదిలేసి, ఈసారి తల ఎత్తాడు. “ఆ ఏడు నీది కాదమ్మా. నేను సెడగొట్టేసేను. ఇది నీ ఏడు.”

“నా దగ్గర బొమ్మలెక్కడున్నాయి? మళ్ళీ ఇరవై గీయాలి. నాకు ఓపిక లేదు.”

“నాకూ లేదు,” అన్నాడు. “అయినా కూకుంటాను. ఎలాగ కూకోవాలో సెప్పు.”

చెప్పి, లేచి, షట్టరు సగం కిందికి దించాడు. మిట్టమధ్యాహ్నం, బేరాల వేళ. ఆ వేళ మా షాపు షట్టరు దిగడం నేను చూడటం అదే మొదటిసారి. వెనక గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసుకుని, దాంట్లో పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. నేను బిల్లు పుస్తకం వెనకున్న అట్ట ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పరుపుల ప్యాకింగ్ కాగితం పరిచాను. ఒక కొరియర్ వాడు వచ్చి షట్టరు కొట్టాడు. కదలకుండానే “తరవాత రా బావా” అన్నాడు నాన్న.

పది నిమిషాలు కాలేదు, ఆయన తల పక్కకి ఒరిగింది. నిద్రపోయాడు.

నేను ఆయన్ని చాలాసార్లు గీశాను. ప్రతి బొమ్మలోనూ చేతులు పని చేస్తూనే ఉన్నాయి, వాటినే చూసి గీశాను. ఆ చేతులు ఆగినప్పుడు మనిషి ఎలా ఉంటాడో ఆ రోజే చూశాను. కళ్ళ కింద చర్మం జారి ఉంది. మెడ ఒక పక్కకి అలవాటు పడి వంకరగా ఉంది. కనురెప్పల్లో దూది పోగులు. నోరు కొంచెం తెరుచుకుని, ఎవరో ఎక్కడో దింపేసి వెళ్ళిపోయిన మూటలా ఉన్నాడు. ఈ మనిషి ఎన్నేళ్ళుగా ఇలా అలిసిపోయి ఉన్నాడో నాకు తెలియలేదు. ఆ ఏడాదంతా ఇంట్లో అలసట నాకొక్కదానికే ఉందనుకుంటూ తిరిగాను. ఏమీ తెలియనిది ఎవరికో అప్పుడు తెలిసింది, తెలిసి సిగ్గుపడ్డాను.

ఆ ఏడు మళ్ళీ వెళ్ళాను. కట్టలో అన్నిటికంటే పైన ఆ ప్యాకింగ్ కాగితం బొమ్మే పెట్టుకున్నాను. సీటు వచ్చింది. ఈ సంగతి మా వీధిలో చాలామంది చాలా రకాలుగా చెప్పుకుంటారు.

కానీ ఆ మధ్యాహ్నం సీటు ఇద్దరి మనసులోనూ లేదు. రోడ్డు మీద లారీ ఏదో హారన్ కొడితే నాన్న కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో ఒక్క క్షణం తెలియలేదు. వెంటనే తప్పు చేసినవాడిలా నిటారుగా సర్దుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, “అయిపోనాదా అమ్మా?” అన్నాడు.

బొమ్మ అయిపోయి అరగంట దాటింది. నేను ఊరికే కూర్చుని ఉన్నాను.

“లేదు నాన్నా, ఇంకా చాలా ఉంది. పడుకో,” అన్నాను.